నోటీసు కంటే ముందు జేసీబీ వస్తే: చట్టాన్ని దాటేసే ప్రభుత్వాన్ని జనం ఎందుకు నమ్మరు?

హనుమంతవాక | ఉదయం 7:10

కూల్చివేత వార్త ఏది వచ్చినా కింద ఒకటే వ్యాఖ్య: "అక్రమ కట్టడమే కదా, పడగొడితే తప్పేంటి?" అది అక్రమమని ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు, ఇంటివాళ్ళ మాట ఎవరు విన్నారు అని అడిగేలోపే గోడ నేలమీద ఉంటుంది. కొండవాలు ఇళ్ళు, గెడ్డ (వాగు) పక్క షెడ్లు, బీచ్ రోడ్డు తోపుడు బళ్ళు, భీమిలి వైపు తీరం స్థలాలు, మన ఊళ్ళో వేటికైనా ఈ ప్రశ్న తగిలేదే.

పార్టీల పోట్లాట ఇక్కడ వద్దు. చట్టం చెప్పిన మెట్లు ఏవి, వాటిలో ఒకటి ఎగ్గొడితే ఏమవుతుంది, తెలిసినవాళ్ళు సెక్షన్లతో సహా రాయండి. నా మాట ముందే చెబుతా. మెట్టు ఎగ్గొట్టిన ప్రభుత్వం తనకు పూర్తి హక్కున్న చోట కూడా ఓడిపోతుంది. బాగుపడేది నిజమైన కబ్జాదారు.

హౌస్ మోషన్ | ఉదయం 8:02

మెట్లు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

విశాఖకు వర్తించేది 1955 నాటి కార్పొరేషన్ల చట్టం. 1979 విశాఖ కార్పొరేషన్ చట్టం దాన్ని మనకు తెచ్చింది. అనుమతి లేని కట్టడానికి 452 సెక్షన్ కింద ముందు "ఎందుకు కూల్చకూడదో చెప్పండి" అని నోటీసు, జవాబు చూశాక తుది ఉత్తర్వు, ఆ తర్వాతే 636 సెక్షన్ కింద కూల్చివేత. వీటి మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ కలిపి ఆదేశాలిచ్చింది. జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ధర్మాసనం.

దాని ప్రకారం నోటీసు అందిన రోజు నుంచి కనీసం 15 రోజులు ఇవ్వాలి. స్థానిక చట్టంలో అంతకన్నా ఎక్కువ గడువుంటే ఆ గడువే. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటి బయట కనబడేలా అంటించాలి కూడా. (రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి ఇప్పుడు చూడాల్సింది స్పీడ్ పోస్టు నంబరు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు.) ఉల్లంఘన ఏమిటి, ఏ కాగితాలు తేవాలి, ఎవరి ముందు ఏ తేదీన హాజరు కావాలి, ఇవన్నీ నోటీసులోనే ఉండాలి. విచారణలో అన్న మాటలు రాసుకోవాలి.

తుది ఉత్తర్వులో మీ వాదన ఏమిటి, దాన్ని ఎందుకు ఒప్పుకోలేదు అన్నది రాయాలి. రుసుము కట్టించి క్రమబద్ధం చేయవచ్చా, కట్టడంలో కొంత భాగమే తప్పా, అలాగైతే మొత్తం కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదు? వీటికి జవాబు లేని ఉత్తర్వు నిలవదు. ఉత్తర్వు అందాక ఇంకో 15 రోజులు ఆగాలి. ఆ గడువు అప్పీలుకి, లేదంటే యజమాని తానే తీసేసుకోవడానికి.

కూల్చే రోజున ఇద్దరు పంచుల (సాక్షుల) సంతకాలతో తనిఖీ నివేదిక, వీడియో, ఏ అధికారులు ఏ పోలీసులు వచ్చారో పేర్లతో నివేదిక ఉండాలి. ఇవి పాటించకపోతే కోర్టు ధిక్కారం ఒక్కటే కాదు, కూల్చినదాన్ని తిరిగి కట్టించే ఖర్చు అధికారి సొంత జేబు నుంచి వసూలవుతుంది.

ఎఫ్ఎంబీ షీటు | ఉదయం 8:40

బాగా రాశారు సార్. ఒకటి కలుపుతా. ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా పదునైనదిగా కనిపించేది ఈ-మెయిల్ నిబంధన. నోటీసు ఇచ్చిన వెంటనే కలెక్టరు కార్యాలయానికి మెయిల్ వెళ్ళాలి, అటు నుంచి దానంతటదే రసీదు రావాలి. పాత తేదీ వేసి నోటీసు పుట్టించడం ఎంత మామూలైపోయిందో కోర్టుకు తెలియబట్టే అది రాసింది. ఏ గొడవలోనైనా మొదట అడగాల్సింది ఆ మెయిల్ రసీదే. కాగితం మీద తేదీ ఎవరైనా వేస్తారు, సర్వరు మీద వేయలేరు.

కొండవాలు | ఉదయం 9:15

అయితే ఆ తీర్పు గెడ్డలకి, రోడ్డు పక్కలకి వర్తించదు అంటున్నారు కదా. మన దగ్గర గొడవలన్నీ అక్కడే. మరి వాళ్ళ గతేంటి?

ఎఫ్ఎంబీ షీటు | ఉదయం 9:52

మినహాయింపు ఉన్న మాట నిజమే. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువులాంటి జలవనరు, వీటి మీద ఉన్న అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్న వాటికి ఆ 15 రోజుల లెక్క లేదు. కానీ "ఇది గెడ్డ" అని ఎవరు తేల్చారు? అక్కడ ఆగండి.

గెడ్డ హద్దు కంటితో చూసి చెప్పేది కాదు. ఎఫ్ఎంబీలో (సర్వే శాఖ కొలతల పుస్తకం) కొలతలు, గ్రామ నక్షా, టౌన్ సర్వే రికార్డు, మూడూ పట్టుకుని సర్వేయరు గొలుసో యంత్రమో వేసి కొలవాలి, హద్దు రాయి దొరికితే దాన్నుంచి మొదలుపెట్టాలి. వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి గీసిన గీతకూ రికార్డు గీతకూ చాలాచోట్ల తేడా ఉంటుంది. కాంక్రీటు కాలువ కట్టినప్పుడు గెడ్డ ఒక పక్కకు జరిగిపోయిన సర్వే నంబర్లూ ఉంటాయి. ఉమ్మడి సర్వే చేసి, పక్కవాళ్ళకు ముందుగా తెలియజేసి, స్కెచ్ మీద సంతకాలు తీసుకుంటే సగం గొడవ అక్కడే చస్తుంది. ఆ పని చేయకుండా మినహాయింపు వాడితే ప్రభుత్వం తన పక్షాన తానే తీర్పు రాసుకున్నట్టు.

ఇంకోటి. ప్రభుత్వ భూమి అయితే మున్సిపల్ చట్టం కాదు, 1905 భూ ఆక్రమణల చట్టం. తహసీల్దారు 7వ సెక్షన్ నోటీసు ఇచ్చాకే 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించాలి. ఉత్తర్వు మీద అప్పీలు ఉంది. ఈ చట్టం మీదే 1982లో తుమ్మల కృష్ణారావు కేసు వచ్చింది, ఉస్మానియా యూనివర్సిటీ భూముల గొడవ. హక్కు మీద నిజమైన వివాదం ఉన్నప్పుడు ఈ పొట్టి దారి పనికిరాదు, ప్రభుత్వమైనా సివిల్ కోర్టుకే వెళ్ళాలి అని సుప్రీంకోర్టు తేల్చింది. నలభై ఏళ్ళు దాటింది. ఈ మాట తెలియని తహసీల్దారు కార్యాలయం ఉండదు.

హౌస్ మోషన్ | ఉదయం 10:05

ఫుట్‌పాత్ మీద నివసించేవాళ్ళ సంగతి 1985 ఓల్గా టెల్లిస్ తీర్పు చూడండి. నోటీసు లేకుండా తీసేయవచ్చని బొంబాయి మున్సిపల్ చట్టంలో రాసి ఉన్నా, అది "తీసేయవచ్చు" అనే విచక్షణేగాని "నోటీసు ఇవ్వొద్దు" అనే ఆజ్ఞ కాదు, వినడమే నియమం అంది రాజ్యాంగ ధర్మాసనం. మినహాయింపు ఉంది కదా అని విచారణే అక్కర్లేదనుకోవడం పొరపాటు.

డాక్ యార్డు గేటు | ఉదయం 11:20

అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు చెబుతా. 15 రోజులు ఇస్తే కబ్జాదారు ఏం చేస్తాడు? స్టే తెచ్చుకుంటాడు. ఆ స్టే పదేళ్ళు నడుస్తుంది. ఈలోగా ఇంకో రెండు అంతస్తులు లేస్తాయి. ప్రభుత్వ భూమిని కాపాడమని మనమే తిడతాం, కాపాడితే చట్టం అంటాం. కోర్టుకు సెలవని శనివారం తెల్లవారుజామున వెళ్ళడానికి కారణం ఆ స్టే భయమే. ఆ భయం అబద్ధమా?

హౌస్ మోషన్ | మధ్యాహ్నం 12:10

అబద్ధం కాదన్నా, స్టే సమస్య నిజమే. కానీ ఆ స్టే ఎందుకు వస్తోందో చూడండి.

హైకోర్టు రిట్ పిటిషన్‌లో జడ్జిగారు మొదట అడిగే ప్రశ్న భూమి ఎవరిదని కాదు. "నోటీసు ఇచ్చారా? జవాబు తీసుకున్నారా? కారణాలతో ఉత్తర్వు ఉందా?" ప్రభుత్వ ప్లీడరు దగ్గర ఆ మూడు కాగితాలూ ఉంటే కేసు అక్కడే సన్నబడుతుంది. లేకపోతే భూమి వంద శాతం ప్రభుత్వానిదైనా సరే, యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చేస్తుంది, చివరికి "మళ్ళీ నోటీసు ఇచ్చి మొదటి నుంచి చేయండి" అని వెనక్కి పంపుతారు. అంటే 15 రోజులు మిగుల్చుకోబోయి ఏళ్ళు పోగొట్టుకున్నారు. ఆ ఏళ్ళే కబ్జాదారు ఆస్తి.

ఏకపక్షంగా స్టే రాకుండా ప్రభుత్వం దగ్గర ఆయుధం ఉంది, కేవియట్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ. ఉత్తర్వు ఇచ్చిన రోజే కేవియట్ వేస్తే ప్రభుత్వాన్ని వినకుండా మధ్యంతర ఉత్తర్వు రాదు, 90 రోజులు పనిచేస్తుంది. గడువులోగా కౌంటర్ (ప్రభుత్వ జవాబు) వేయడం, స్టే తీయమని వెకేట్ పిటిషన్ వేసి వెంటపడడం, ఇవన్నీ మామూలు పనులు. ఈ పనులు చేయని శాఖే "స్టేల వల్ల చేతులు కట్టేశారు" అంటుంది. పదేళ్ళు నడిచిన స్టే ఫైళ్ళలో కౌంటర్ ఎప్పుడు పడిందో ఒక్కసారి చూడండి, సంగతి తేలిపోతుంది.

డాక్ యార్డు గేటు | మధ్యాహ్నం 12:31

కేవియట్ మాట ఒప్పుకుంటా. కౌంటర్ల సంగతీ ఒప్పుకుంటా. అయినా కొత్త అంతస్తు లేచిపోతుంటే 15 రోజులు చూస్తూ కూర్చోవాలా?

హౌస్ మోషన్ | మధ్యాహ్నం 12:44

అక్కర్లేదు. పని ఆపించడం వేరు, కూల్చడం వేరు. నిర్మాణం జరుగుతుంటే వెంటనే ఆపమనే అధికారం ఉంది, మెటీరియల్ సీజ్ చేయవచ్చు, సీల్ వేయవచ్చు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉన్నది పునాది దశలో చూడడానికే. స్లాబు పడేదాకా ఎవరికీ కనబడలేదంటే అది చట్టం లోపం కాదు.

పూర్ణా మార్కెట్ సందు | మధ్యాహ్నం 1:30

బళ్ళవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం చాలామంది బళ్ళవాళ్ళకే తెలియదు, అందుకే విడమరిచి రాస్తున్నా.

సర్వే పూర్తయి వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు, 3వ సెక్షన్. చోటు మార్చాలన్నా ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు, 18వ సెక్షన్. ఆ గడువు దాటినా కదలకపోతేనే సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, అప్పుడు కూడా అక్కడికక్కడే జాబితా రాసి సంతకం చేసిన కాపీ బండివాడికి ఇవ్వాలి. ఇది 19. అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి.

ఇప్పుడు రోడ్డు మీద ఏం జరుగుతుందో ఆలోచించండి. మురీ మిక్చరు బండి. గ్యాస్ సిలిండరు, బొరుగుల డబ్బా, కోసిన ఉల్లిపాయలు, టమాటాలు, నిమ్మకాయలు. లారీలోకి ఎత్తేస్తే జాబితా ఉండదు. జాబితా లేకపోతే మర్నాడు వెళ్ళి ఏం అడుగుతాడు? ఏ లారీ, ఏ గోడౌను, ఎన్ని డబ్బాలు, ఒక్కదానికీ రుజువు లేదు. ఉల్లిపాయలు సాయంత్రానికే పోయాయి. బండి విడిపించుకోవడానికి ఎంత కట్టాడో దానికి రసీదు ఉంటే అది జరిమానా, లేకపోతే ఏమంటారో మీకే తెలుసు. 19వ సెక్షన్‌లోని ఆ ఒక్క జాబితా కాగితం ఉంటే లంచానికి చోటు ఉండదు. జాబితా ఎందుకు రాయరో అర్థమైంది కదా.

టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం బళ్ళవాళ్ళే ఉండాలి, ఎన్నికల ద్వారా, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. కమిటీ కూర్చోకుండా "నో వెండింగ్ జోన్" బోర్డు పాతితే దానికి చట్టం బలం లేదు. ఎక్కడ బోర్డు కనబడినా ఏ తేదీ కమిటీ తీర్మానం అని అడగండి.

జీవో నంబరు | మధ్యాహ్నం 2:45

కూల్చివేతలు కంటికి కనబడతాయి కాబట్టి అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో నమ్మకాన్ని లోపలి నుంచి తినేసింది జీవోలు (ప్రభుత్వ ఉత్తర్వులు) దాచడం.

2008 నుంచి జీవోలన్నీ వెబ్‌సైటులో పెట్టేవారు. 2021 ఆగస్టులో మొదట నంబరు ఉండి లోపల ఖాళీగా ఉన్న జీవోలు కనబడ్డాయి, గొడవయ్యాక అసలు పెట్టడమే మానేశారు. 2024 ఆగస్టులో మళ్ళీ మొదలైంది. మధ్య మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఏ భూమి ఎవరికి ఎంతకు ఇచ్చారో, ఏ నిబంధన సడలించారో మామూలు మనిషి తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. జీవో నంబరు తెలియకుండా దరఖాస్తు ఎలా పెడతారు? పెట్టినా "నిర్దిష్టంగా అడగలేదు" అని తిప్పి పంపుతారు.

చూపించని చట్టం చట్టమే కాదని 1951లోనే హర్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైపూర్ సంస్థానంలో నల్లమందు చట్టం మంత్రిమండలి తీర్మానంగానే ఉండిపోయింది, ఎక్కడా ప్రకటించలేదు. దాని కింద పడిన శిక్షను కొట్టేసింది. జనానికి తెలిసే అవకాశమే లేని నియమానికి జనాన్ని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధం అంది. రాజుల కాలపు కాగితానికే ఆ మాట వర్తిస్తే, ప్రజాప్రభుత్వపు జీవోకి వర్తించదా?

ఏ శాఖ అడిగినా అడక్కపోయినా సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కింద తానుగా ప్రకటించాల్సినవి ఉన్నాయి. అది పక్కన పెట్టేస్తే మిగతా చట్టమంతా బతిమాలుకోవడంగా మారుతుంది.

భీమిలి లైట్‌హౌస్ | సాయంత్రం 4:05

పోలీసు వైపు రెండు ఉదాహరణలు, రెండూ మన ఎయిర్‌పోర్టులోనే. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం ఆర్.కె.బీచ్‌లో నిరసన. అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్ రెడ్డిని విమానం దిగిన చోటే ఆపేశారు. 2020 ఫిబ్రవరి 27న అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడిని అదే ఎయిర్‌పోర్టు దగ్గర ఆపి, సీఆర్‌పీసీ 151 కింద అదుపులోకి తీసుకుని వెనక్కి పంపారు. ప్రభుత్వాలు వేరు, చేసిన పని ఒకటి.

151 అనేది ఒక మనిషి తానే వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం చేయబోతున్నాడని, వేరే విధంగా ఆపలేమని తేలినప్పుడు వాడేది. 24 గంటలకు మించి ఉంచకూడదు. 2020లో చంద్రబాబు దారికి అడ్డం పడిన నిరసనకారులు ఎదురుగా ఉండగా, అడ్డగింపుకు గురైన మనిషి మీద ఆ సెక్షన్ వాడడం తలకిందులు. హైకోర్టు డీజీపీని స్వయంగా పిలిపించి ఆ సెక్షన్ కింద నోటీసు ఎలా ఇచ్చారని అడిగింది. ఇప్పుడది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 170వ సెక్షన్. నంబరు మారింది, షరతులు అలాగే ఉన్నాయి.

ఒక పార్టీవాళ్ళకు ఒక తేదీ గుర్తు, ఇంకో పార్టీవాళ్ళకు రెండో తేదీ గుర్తు. రెండు తేదీలూ కలిపి గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. పోలీసుల మాట మీద నమ్మకం పోయింది ఆ రెండూ కలిపి చూసిన మామూలు జనానికి.

డాక్ యార్డు గేటు | సాయంత్రం 4:40

2023 జనవరి 2 నాటి జీవో నంబరు 1 మాటేమిటి? కందుకూరులో 8 మంది, గుంటూరులో 3 మంది తొక్కిసలాటలో చచ్చిపోయారు. రోడ్ల మీద సభలు వద్దనడంలో తప్పేముంది?

భీమిలి లైట్‌హౌస్ | సాయంత్రం 5:02

కారణం నిజమైనదే. చావులు నిజం, జాగ్రత్త అవసరం. తప్పు పనిముట్టులో ఉంది. 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ ఊరేగింపులను నియంత్రించే అధికారం ఇస్తుంది. ఏ దారి, ఏ సమయం, ఎంతమంది, ఇవి చెప్పొచ్చు. జాతీయ రహదారి నుంచి పంచాయతీ రోడ్డు దాకా ఎక్కడా సభ వద్దు, అరుదుగా తప్ప, అంటే అది నియంత్రణ కాదు, నిషేధం. హైకోర్టు 2023 మే 12న కొట్టేసింది.

దీనివల్ల జరిగిన నష్టం చూడండి. సభకు ఎన్ని చదరపు అడుగులకు ఎంతమంది, బయటికి దారులు ఎన్ని, అంబులెన్సు ఎక్కడ నిలబడాలి అన్న నిజమైన భద్రతా నియమాలు రావాల్సిన సమయం కోర్టు వాదనల్లో పోయింది. ప్రతిపక్షాన్ని ఆపడానికే తెచ్చారన్న మాట మిగిలింది. తర్వాత ఎవరు భద్రత పేరెత్తినా జనం ముందు అనుమానంగానే చూస్తారు.

గోపాలపట్నం వంతెన | సాయంత్రం 6:15

ఇంతసేపూ ప్రభుత్వం చట్టం దాటి జనం మీదకి రావడం గురించే మాట్లాడారు. చట్టం దాటి కంపెనీని వదిలేయడం కూడా ఇదే జబ్బు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊళ్ళోకి వచ్చింది, 12 మంది పోయారు. కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ప్లాంటు నడుస్తూ వచ్చిందని, రాష్ట్ర స్థాయిలో కన్సెంట్లు (కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు) మాత్రం వస్తూనే ఉన్నాయని తర్వాత బయటపడింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే 50 కోట్లు డిపాజిట్ చేయమంది. నిండు నిద్రలో ఉన్న ఊరికి సైరన్ మోగలేదు. ఒక కాగితం లేకుండా ఇంకో కాగితం ఇవ్వడమంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. పర్యావరణ అనుమతి దశలో ట్యాంకుల నిల్వ, చల్లబరిచే ఏర్పాటు, ప్రమాదం జరిగితే ఊరు ఏం చేయాలి, ఇవన్నీ ప్రజాభిప్రాయ సేకరణలో ఊరివాళ్ళ ముందు పెట్టాలి. ఆ మెట్టు లేకపోయేసరికి గోడకు ఇవతల ఉన్నవాళ్ళకు లోపల ఏముందో తెలియదు.

ఒక మంచి పని కూడా జరిగింది, అది చెప్పాలి. హైపవర్ కమిటీ నివేదిక 2020 జులైలో బయటపెట్టారు. ట్యాంకులో వేడి ఎందుకు పెరిగింది, ఏ రసాయనం లేకపోయింది, ఎవరు ఏం చేయలేదు, అన్నీ చదువుకోవచ్చు. దాని మీద ఏ చర్యలు తీసుకున్నారన్నది వేరే గొడవ. కానీ నివేదిక చేతిలో ఉంటే కనీసం అడగడానికి వీలుంటుంది.

జీవో నంబరు | సాయంత్రం 6:40

సరిగ్గా చెప్పారు. దాన్ని మన భూముల మీద వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందాలు, అంటే సిట్‌లతో పోల్చండి. విశాఖ భూ అక్రమాల మీద 2017లో ఒక సిట్, ప్రభుత్వం మారాక 2019లో ఇంకో సిట్. సిట్ అంటే ప్రభుత్వ ఉత్తర్వుతో వేసేది. నివేదిక శాసనసభ ముందు పెట్టాలన్న బాధ్యత దానికి లేదు. అదే 1952 విచారణ కమిషన్ల చట్టం కింద వేస్తే, 3(4) ప్రకారం నివేదికను, తీసుకున్న చర్యల పత్రాన్ని ఆరు నెలల్లో సభ ముందు పెట్టి తీరాలి. కాబట్టి ఈసారి "సిట్ వేశాం" అన్న వార్త రాగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏ చట్టం కింద?

కొండవాలు | రాత్రి 7:30

అందరికీ దండాలు. చాలా తెలిసింది. ఒక్కటి సూటిగా అడుగుతా. రేపు పొద్దున్న ఒక ఇంటి తలుపుకి కాగితం అంటించి ఉంది, "24 గంటల్లో ఖాళీ చేయాలి" అని. ఆ ఇంటివాళ్ళు వరుసగా ఏం చేయాలి?

హౌస్ మోషన్ | రాత్రి 8:20

ముందు కాగితాన్ని పీకకండి. అంటించి ఉన్నట్టే ఫోటో తీయండి, తలుపు మీద ఇంటి నంబరు, పక్క ఇల్లు కూడా కనబడేలా. ఆ రోజు పేపరు పక్కన పట్టుకుని ఇంకో ఫోటో. ఆ తర్వాత కాగితం చదవండి. ఎవరి పేరు మీద ఉంది? చాలాసార్లు "గృహ యజమాని" అని ఉంటుంది, పేరుండదు. సర్వే నంబరు ఉందా, ఖాళీగా వదిలేశారా? ఏ సెక్షన్? కిందనున్న తేదీకీ అంటించిన రోజుకీ తేడా ఎంత? సంతకం కింద హోదా ముద్ర ఉందా? ఫైలు నంబరు ఉందా? ఫైలు నంబరు లేని నోటీసు ఫైల్లో లేని నోటీసు, అది మీకే బలం.

అదే రోజు జవాబు. పొడుగు అక్కర్లేదు. "ఫలానా తేదీన ఫలానా సమయానికి నోటీసు చూశాం. ఇది మొదటి నోటీసు. 15 రోజుల గడువు, విచారణ ఇవ్వండి. మా దగ్గరున్న కాగితాలు ఇవి." ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజు లేదా పట్టా, ప్లాను ఉంటే ప్లాను, క్రమబద్ధీకరణకు కట్టిన రుసుము ఉంటే ఆ ప్రొసీడింగ్స్. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, ఎన్నాళ్ళుగా ఉంటున్నారో చెప్పే రుజువు మాత్రమే. అయినా పాతది ఎంత పాతదైతే అంత మంచిది. జవాబు మూడు చోట్లకి: నోటీసు ఇచ్చిన అధికారికి చేతికిచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి, కమిషనర్‌కి స్పీడ్ పోస్టు, కమిషనర్‌కీ కలెక్టర్‌కీ మెయిల్. సోమవారం అయితే కలెక్టరేట్ ప్రజా ఫిర్యాదుల కౌంటర్లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ముద్ర వేయనంటే గొడవ పడకండి, మెయిల్ చాలు.

ఆ రాత్రికే హైకోర్టు లాయరుకు వాట్సాప్‌లో అన్నీ పంపాలి. అత్యవసరంగా వినమని పనిదినం అయితే లంచ్ మోషన్ (భోజన విరామంలో), సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జిగారి ఇంటి దగ్గర) అడుగుతారు. అఫిడవిట్ మీద సంతకం కావాలి కాబట్టి ఇంట్లో ఒకరు రాత్రి రైలుకే విజయవాడ బయల్దేరడం మేలు. లాయరుకు కావాల్సింది కథ కాదు, ఆ ఫోటోలు, జవాబు, పోస్టు రసీదు.

జేసీబీ ముందే వచ్చేస్తే దానికి అడ్డంగా పడుకోవద్దు, కేసు మీ మీదికి తిరుగుతుంది. మూడు కాగితాలు అడగండి: తుది ఉత్తర్వు, అది అందినట్టు రుజువు, పంచనామా. అడిగినది, వాళ్ళు చెప్పిన జవాబు వీడియోలో రికార్డు కావాలి. ఖాళీ పంచనామా మీద, చదవని కాగితం మీద సంతకం చేయొద్దు. సామాను బయట పెడుతుంటే గది గదికీ ఫోటో. నష్టపరిహారం లెక్క ఆ ఫోటోలతోనే మొదలవుతుంది.

ఎఫ్ఎంబీ షీటు | రాత్రి 8:55

దీనితో పాటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, వెయ్యి ప్రశ్నలు వద్దు. నాలుగు చాలు: ఈ ఫైలు నోట్ ఫైలు కాపీ, తపాలా పంపిన డిస్పాచ్ రిజిస్టరులో ఆ తేదీ పేజీ, స్పీడ్ పోస్టు నంబరు, కలెక్టరుకు పంపిన మెయిల్ రసీదు. రుసుము 10 రూపాయలు, మండల స్థాయి కార్యాలయమైతే 5. మామూలు గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు, అయితే ఇల్లు పోవడం దాని కిందికి వస్తుందని ప్రతి అధికారీ ఒప్పుకోడు, అడగడంలో తప్పులేదు. జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కి. ఆలస్యానికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది.

డిస్పాచ్ రిజిస్టరు పేజీ ఎందుకంటే, అందులో పైన కింద వేరే తపాలాలు వరుస నంబర్లతో ఉంటాయి. మీ నోటీసు నంబరు పక్కన "ఎ" అనో "బై 1" అనో ఇరికించి ఉంటే అది తర్వాత పుట్టిందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కాపీ ఇవ్వడానికి తటపటాయిస్తే ఫైలు తనిఖీ అడగండి, మొదటి గంటకు రుసుము లేదు. వెళ్ళి మీ కళ్ళతో చూసి నోట్ చేసుకోండి.

డాక్ యార్డు గేటు | రాత్రి 9:30

పొద్దున్న నేను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. స్టేలకి భయపడి దాటేస్తున్నారు, దాటేయడం వల్లే స్టేలు వస్తున్నాయి. అయినా ఒకటి మిగిలింది. ఉత్తర్వు మీద సంతకం పెట్టే అధికారికి పైనుంచి ఫోను వస్తుంది, "రేపు పొద్దునకల్లా అయిపోవాలి" అని. ఆయన ఏం చేయాలి?

ఎఫ్ఎంబీ షీటు | రాత్రి 9:58

ఫోను మాటను ఫైల్లో రాయాలి. "ఫలానా తేదీ ఫలానా సమయానికి మౌఖిక ఆదేశం వచ్చింది, గడువు ఇంకా ఇన్ని రోజులు ఉంది, రాతపూర్వక ఆదేశం కోరుతున్నాను" అని నోట్ పెట్టి పైకి పంపాలి. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాల్లో మౌఖిక ఆదేశాన్ని వీలైనంత త్వరగా రాతలో ఖరారు చేయించుకోవాలని స్పష్టంగానే ఉంది. 2024 తీర్పు తర్వాత తిరిగి కట్టించే ఖర్చు సంతకం పెట్టినవాడి జేబుకే వస్తుంది, ఫోను చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఆ నోట్ రాసిన ఫైలు మీద రాతపూర్వక ఆదేశం సాధారణంగా రాదు. రాకపోతే జేసీబీ కదలదు.

హనుమంతవాక | రాత్రి 10:20

హౌస్ మోషన్ గారు, ఎఫ్ఎంబీ షీటు గారు రాసిన చివరి జవాబులు రెండూ కలిపి చర్చ పైభాగాన పిన్ చేస్తున్నా. జవాబు లేఖ నమూనా ఎవరైనా తెలుగులో ఒక పేజీలో రాసిపెడితే దాని కింద చేరుస్తా. వార్డు సచివాలయం దగ్గర ప్రింటు తీసి ఇవ్వడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా ఉండాలి.